గురువారం పని

గ్రిమ్స్‌బీలో, చేపల రేవుకు రెండు వీధుల ఇవతల
చిన్న గ్రంథాలయం. పదమూడు కంప్యూటర్లు.
గురువారం రాత్రి తలుపులు మూశాక
వాటికి దిష్టి తీసే పని నాది.

పగలు వచ్చేవాళ్లందరివీ పరిమిత ఖాతాలు.
ఉత్తరం రాసుకోవచ్చు, బస్సుల వేళలు చూసుకోవచ్చు,
గడియారంలో నిమిషం కూడా అటూ ఇటూ జరపకూడదు.
గూఢచారిని పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఓ మూలన
కాపలాకుక్కలా పడుకునే ఉంటుంది,
కానీ దానికి కొత్త దొంగల వాసన నేర్పుదామంటే
వాళ్ల చేతి కూడు ముట్టదు.
పసుపుపచ్చ డాలు ఒకటి వెలుగుతుంది.
కింద ఒకే వాక్యం:
మీ అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి.

ఆ వాక్యాన్ని నమ్మినవాడు డెరిక్ స్టోక్స్ ఒక్కడే.
ఒకప్పుడు చేపల పడవ మీద వంటవాడు.
చేతికర్ర టకటకలాడించుకుంటూ నా బల్ల దాకా వచ్చి
"నిన్ను సంప్రదించమంటోంది, అమ్మాయ్" అన్నాడు.
గురువారం చేస్తానన్నాను.
"అందాకా దొంగలకి సెలవా?"
ఒక దగ్గు, ఆ వెనకే నవ్వు.

నా పాస్‌వర్డ్ పద్నాలుగు అక్షరాలు.
మధ్యలో మా మేనత్త ఇంటిపేరుందని
ఈ ఊళ్లో ఒక్కరికీ తెలీదు.
(మీకు చెప్పేశాను. రేపు మార్చాలి.)
నీలం గీత నత్తలా పాకుతుంది,
ఒక్కోదానికి పదకొండు నిమిషాలు.
బయట వాన, కిటికీ సందుల్లోంచి పొగబెట్టిన చేపల వాసన.
ఏడో నంబరులో ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది:
ఉచిత స్క్రీన్‌సేవర్ వేషంలో వచ్చి
ఎవరు ఏ మీట నొక్కారో పద్దు రాసుకుందామని చూసేది.
పరిమిత ఖాతా కదా, లోపలికి పోలేక
చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంటుంది.

తక్కువ హక్కులుంటే తక్కువ ప్రమాదం అని
అందరికీ చెప్పేదాన్ని, మార్చి దాకా.

మార్చిలో ఒకావిడ తన ల్యాప్‌టాప్‌ని
తువ్వాల్లో చుట్టి తెచ్చింది, పసిపిల్లని తెచ్చినట్టు.
"మా చెల్లెలికి నేను రాసినవన్నీ
రాత్రి భోజనాల దగ్గర ఆయన నాకే అప్పజెబుతున్నాడు."
తెరిచాను. ఆవిడది పరిమిత ఖాతా.
అదే డాలు. రెండు వందల రోజులుగా పసుపు.
అదే వాక్యం.
ఇద్దరం చదివాం, ఎవరం పైకి చదవలేదు.
అడ్మినిస్ట్రేటర్ పేరు పైనే ఉంది,
పక్కన ఎర్ర మోటారుసైకిల్ బొమ్మ.

కంచే చేను మేస్తే, అంటాం మేం,
అని అక్కడే ఆగిపోతాం.
చేను ఎవరితో చెప్పుకోవాలో
సామెత కూడా చెప్పదు.

నేను దాన్ని వెతకలేదు, తీసెయ్యలేదు.
తీస్తే ఇంటికెళ్లేసరికి అతనికి తెలిసిపోతుంది.
మూత మూసి, మళ్లీ తువ్వాల్లో చుట్టి,
ఆవిణ్ణి పదకొండో నంబరు దగ్గర కూర్చోబెట్టాను.
గోడవైపు వీపు, పక్కన వెచ్చగా రేడియేటర్.
"ఇక్కడ అడ్మినిస్ట్రేటర్‌ని నేను" అన్నాను.
ఆరేళ్ల ఉద్యోగంలో ఆ మాట
పైకి అనవలసి రావడం అదే మొదలు.
నలభై నిమిషాలు టైపు చేసింది, రెండు వేళ్లతో.
గంట కొట్టగానే ఆ కంప్యూటర్
ఆవిడ అక్కడ కూర్చున్న సంగతే మరిచిపోయింది.
మరిచిపోయేలా పెట్టింది నేనే.

నాలుగుసార్లు వచ్చింది. తర్వాత రాలేదు.
చెల్లెలి ఊరికి వెళ్లిందో,
ఆ తువ్వాలు ఎవరి కంట పడిందో.

ఇప్పుడు గురువారాలు పదకొండుతో మొదలుపెడతాను.
ఒకటి నుంచి వెళ్తే తీగలు చుట్టుకోవని
పాత ఆయన రాసిపెట్టిన కాగితం గోడ మీద అలాగే ఉంది.
నీలం గీత చివర తాకి
డాలు ఆకుపచ్చకి తిరిగేదాకా
టీ కూడా తెచ్చుకోను.
ఆ తర్వాత ఒకటి. రెండు. మూడు.